పెద్దల బడిలో మొక్కల పాఠం

రైల్లో వచ్చేవాళ్ళకి మన ఊరు ‘శ్రీకాకుళం రోడ్డు’. దిగి బయటికొస్తే ఆమదాలవలస. ఆముదాలు పండే చోటికి వలసొచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరని మన పెద్దలు ఈ పేరుకి అర్థం చెబుతారు. పేరులోనే మొక్క ఉన్న ఊరు మనది.

స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, మన బడి చరిత్ర రాయడానికి నాకంటే తగినవారు చాలామంది ఉన్నారనిపించింది. అందుకని మన బడి గురించి కాకుండా, మన అమ్మానాన్నలు చదువుకున్న మరో బడి గురించి రాస్తున్నాను. దానికి హాజరు పట్టీ ఉంది గానీ పరీక్ష లేదు. పాసు, ఫెయిలు లేవు. అక్కడి విద్యార్థుల్లో చాలామందికి అప్పటికే మనవలున్నారు.

తొమ్మిదో తరగతిలో మన సైన్సు మాస్టారు మందార పువ్వుని బ్లేడుతో నిలువుగా కోసి చూపించారు. రక్షక పత్రాలు అయిదు, ఆకర్షణ పత్రాలు అయిదు, కేసరాలన్నీ ఒకే గొట్టంగా కలిసి ఉంటాయి. ‘ఏకబంధక కేసరాలు’ అని రాస్తే మార్కులు. రాశాం, తెచ్చుకున్నాం, మరిచిపోయాం. ఆ రోజుల్లోనే ఊరవతల గోగు చేలు పూతమీదుండేవి. లేత పసుపు రేకులు, మధ్యలో ముదురు ఎరుపు కన్ను. ఆ పువ్వుని కోసి చూడాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆ పని మా నాన్న చేశారు. ఆయన అయిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. కృషి విజ్ఞాన కేంద్రంలో రైతు శిక్షణకి వెళ్ళొచ్చిన సాయంత్రం అరుగుమీద కూర్చుని గోగుపువ్వు రేకులు ఒక్కొక్కటే విప్పి, “ఒరే, ఇదీ మీ మందారం సుట్టమేరా” అన్నారు. నా పుస్తకంలోని పాఠం నాకంటే ముందు ఆయనకి పొలంలో దొరికింది.

పల్లెలోని మొక్కల చదువు పుస్తకాల్లోకి వెళ్ళడం మన ప్రాంతానికి కొత్త కాదు. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1780ల్లో సామర్లకోటలో ప్రయోగాల తోట పెంచి, కోరమండల్ తీరపు మొక్కల్ని స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా వెళ్ళిపోయాడు. ఆ బొమ్మల్లో 300 ఎంపిక చేసి 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చువేశారు. మొక్కలకి తెలుగు పేర్లు కూడా అందులో నమోదయ్యాయి. మన అడవుల్లోని సోమిద చెట్టు పేరు అలా దాటుకుంటూ వెళ్ళి, శాస్త్ర ప్రపంచంలో ‘సోయ్‌మిడా’ అనే ప్రజాతి పేరుగా స్థిరపడింది.

తరవాత ఉత్తర సర్కారులకి కమిషనర్‌గా పనిచేసిన సర్ వాల్టర్ ఇలియట్ 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ అచ్చువేయించాడు. తెలుగు జిల్లాల్లో కనిపించే మొక్కల తెలుగు పేర్లు వరసగా పెట్టి, వాటికి ఎదురుగా శాస్త్రనామాలు ఇచ్చిన పుస్తకం అది. అప్పటికి మన శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది. ఆ పేర్లు చెప్పింది ఎవరు? పొలంలో కలుపు తీసేవాళ్ళు, అడవిలో వేళ్ళు తవ్వేవాళ్ళు, పశువులు కాసేవాళ్ళు. వాళ్ళ ఎరుక పుస్తకానికెక్కింది. ఆ పుస్తకం మాత్రం వాళ్ళ చేతికి తిరిగి రాలేదు. తిరిగి రావడానికి నూరేళ్ళకి పైనే పట్టింది.

1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలైంది. గ్రామసేవకుడు సైకిలు మీద వచ్చి రచ్చబండ దగ్గర కొత్త విత్తనం గురించి చెప్పేవాడు. అది కబురు చెప్పడమే గాని పాఠం కాదు. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇప్పుడది ఆచార్య ఎన్.జి. రంగా పేరుతో ఉంది. ఆ విశ్వవిద్యాలయపు పరిశోధన స్థానం మన ఆమదాలవలసలో గోగునార పంటమీద పనిచేస్తూ వచ్చింది. ఇక్కడ తయారైన గోగు రకాలకి ‘ఏఎంవి’ అని పేరు. ఆ మూడక్షరాలూ మన ఊరివే. దేశంలో ఎక్కడ గోగు పండించేవాళ్ళు ఆ పేరు పలికినా మన ఊరిని తలచుకున్నట్టే.

రైతుకి కబురు కాదు, బడి కావాలన్న ఆలోచన 1970ల్లో గట్టిపడింది. 1973లో మోహన్ సింహ్ మెహతా సంఘం దానికి రూపు ఇచ్చింది. 1974లో పుదుచ్చేరిలో దేశపు మొట్టమొదటి కృషి విజ్ఞాన కేంద్రం వెలిసింది. ఇవాళ దేశంలో ఇవి 700 దాటాయి. వాటిలో ఒకటి మన ఊళ్ళో ఉంది. ఈ కేంద్రాలకి మొదటినుంచీ ఉన్న సూత్రం ఒక్కటే: చేస్తూ నేర్చుకోవడం. చదువు రాకపోయినా ఫరవాలేదు, చేతులుంటే చాలు.

ఆ చదువు ఎలా ఉండేదో నాన్న నోటు పుస్తకం చూస్తే తెలుస్తుంది. అందులో రాతకంటే బొమ్మలెక్కువ. ఒక పుటలో తడి గోనెసంచి బొమ్మ. వంద వడ్లగింజలు లెక్కపెట్టి తడి సంచిలో చుట్టి, మొలకలు లెక్కించాలి. ఎనభైకి తగ్గితే ఆ విత్తనం వద్దు. విత్తనం మొలవకపోతే అది తన తలరాత అనుకునే రైతుకి, ముందే లెక్కపెట్టి తెలుసుకోవచ్చన్న మాట చిన్నది కాదు. ఒక కారు నష్టం తప్పుతుంది.

ఇంకో పుటలో మినుము మొక్క వేరు. మన జిల్లాల్లో వరి కోశాక ఆ తేమమీద మినుములు, పెసలు చల్లడం ఆనవాయితీ. ఆ వేళ్ళకుండే బుడిపెల్ని పురుగు పట్టిందనుకునేవాళ్ళూ ఉన్నారు. శిక్షణలో బుడిపెని గోటితో చిదిమి చూడమన్నారట. లోపల గులాబి రంగు ఉంటే అందులోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తున్నట్టు. ఆ రంగు లేకపోతే అవి పని చేయడం లేదన్నట్టు. దీనికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు, గోరు చాలు.

అమ్మ ఆ కేంద్రానికి వెళ్ళింది పెరటి తోటల శిక్షణకి. ఆనప పాదు విరగబూసి పిందె నిలవకపోతే దిష్టి తగిలిందని గుమ్మానికి మిరపకాయలు కట్టిన ఇల్లు మాది. పాదుకి మగపూలు వేరు, ఆడపూలు వేరని, ఆడపువ్వు కింద పుట్టుకతోనే చిన్న కాయ ఉంటుందని అక్కడ చూపించారు. గుమ్మడి పూలు తెల్లవారుజామున, ఆనప పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. ఆ వేళకి తేనెటీగలు, రెక్కల పురుగులు రాకపోతే మనమే మగపువ్వు కోసి ఆడపువ్వుకి అద్దాలి. అమ్మ అద్దింది. కాయ నిలిచింది. దిష్టి మిరపకాయలు ఆ తరవాత కూడా గుమ్మానికి వేలాడుతూనే ఉన్నాయి గానీ, సాయంత్రం ఆరింటికి ఆనప పందిరి కిందకి వెళ్ళడం అమ్మ మానలేదు.

ఈ బడికి భాష పేచీ రాలేదు. జనం మాట్లాడే మాటే బడిలో వినిపించాలని జీవితమంతా పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి మన శ్రీకాకుళం ప్రాంతంవారే. 1863లో పర్వతాలపేటలో పుట్టారు. సవరల పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాశారు. రైతు శిక్షణలో శాస్త్రవేత్త ‘పల్లాకు తెగులు’ అనే అన్నారు, ‘తెల్లదోమ’ అనే అన్నారు. తెగులు పేరు రైతు చెప్పాడు, అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అని శాస్త్రవేత్త చెప్పారు. ఇద్దరూ కలిస్తేనే పాఠం పూర్తయింది.

తరవాత వచ్చింది పొలంబడి. ఇది పుట్టింది ఇండోనేషియాలో. అక్కడ వరిని సుడిదోమ తుడిచిపెట్టడానికి మితిమీరి కొట్టిన మందులే కారణమని గుర్తించి, 1986లో 57 రకాల పురుగుమందుల్ని వరిమీద వాడకుండా నిషేధించారు. 1989 నుంచి రైతుల్ని పొలంలోనే కూర్చోబెట్టి పాఠాలు మొదలుపెట్టారు. అదే పద్ధతి మన రాష్ట్రానికి వచ్చింది. వారానికోసారి పాతికముప్పైమంది రైతులు గట్టుమీద కూడతారు. చేలో దిగి పిలకలు లెక్కపెడతారు, పురుగుల్ని చూస్తారు. పెద్ద కాగితం పరచి మధ్యలో వరి మొక్క, ఒకవైపు శత్రు పురుగులు, ఇంకోవైపు సాలీడులాంటి మిత్రులు, పైన ఆ రోజు ఎండో మబ్బో గీస్తారు. ఆ బొమ్మ చూసి, మందు కొట్టాలా వద్దా అని వాళ్ళే తేల్చుకుంటారు. నలభై ఏళ్ళు నాగలి పట్టిన చేతులు పెన్సిలు పట్టుకుని వణకడం నేను చూశాను. నాలుగో వారానికి ఆ వణుకు పోవడమూ చూశాను.

ఇదంతా తెలియకపోతే ఏమవుతుంది? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ ప్రశ్నకి జవాబు దొరికింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అక్కడ మా చుట్టం ఒకాయన మొవ్వు విరిగిన కొబ్బరి చెట్లకి నెలల తరబడి నీళ్ళు పెట్టాడు. కొమ్మలు విరిగిన జీడి మోళ్ళని మాత్రం పొయ్యి కట్టెలకి అమ్మేశాడు. చేయవలసింది సరిగ్గా దీనికి తలకిందులు. కొబ్బరి ఏకదళబీజం. పెరిగే మొగ్గ తలమీద ఒక్కటే. అది పోతే చెట్టు పోయినట్టే. జీడి అలా కాదు. బెరడుకీ కర్రకీ మధ్య పెరిగే పచ్చటి పొర ఉంది, కాండంమీద నిద్రపోయే మొగ్గలున్నాయి. విరిగిన చోట నున్నగా కోసి బోర్డో పేస్టు పూస్తే మళ్ళీ చిగురిస్తుంది. మామిడికీ జీడికీ అంటు కట్టగలిగి, కొబ్బరికి కట్టలేకపోవడానికి కారణం కూడా ఆ పొరే. ఏకదళబీజాలకీ ద్విదళబీజాలకీ తేడా మనం పదో తరగతిలో పట్టిక గీసి రాశాం. ఆ పట్టిక ఆయన ఇంటిదాకా వెళ్ళి ఉంటే కొన్ని జీడి చెట్లు మిగిలేవి.

ఇప్పుడు గోగు చేలు తగ్గిపోయాయి. చాలా చోట్ల మొక్కజొన్న వచ్చింది. ఊరి చెరువులో గోగు కట్టలు ఊరవేసిన వాసన మన పిల్లలకి తెలియదు. ఆ కుళ్ళు వాసన వెనక కూడా ఒక పాఠం ఉంది. కాండంలో నారని అంటిపెట్టుకున్న జిగురుని నీటిలోని సూక్ష్మజీవులు తినేస్తే నార విడివడుతుంది. ఆ నార ఉండేది మనం పుస్తకంలో చదివిన పోషక కణజాలంలోనే. చెరువులో నడుంలోతు నీళ్ళలో నిలబడి నార తీసినవాళ్ళకి, అది ఎన్నో రోజు విడుతుందో వేలితో పట్టి చూస్తే తెలిసేది. వాళ్ళలో మిగిలినవాళ్ళు ఇప్పుడు డెబ్బై దాటారు.

మన సంఘానికి నాదొక విన్నపం. యాభై ఏళ్ళ గుర్తుగా ఏం కట్టాలన్న చర్చలో ఆర్చి అన్నవాళ్ళున్నారు, వేదిక అన్నవాళ్ళున్నారు. కట్టండి. వాటితోపాటు బడి వెనక ఖాళీ స్థలంలో రెండు సెంట్లు విడిచిపెట్టండి. ఆదివారం పొద్దుట రెండు గంటలు పెద్దలకి మొక్కల బడి పెడదాం. రిటైరైన మన వృక్షశాస్త్రం మాస్టార్లు ఉన్నారు, విజ్ఞాన కేంద్రం మన ఊళ్ళోనే ఉంది. ఉద్యోగాలు ముగించుకుని ఊరికొచ్చి, మేడమీద కుండీల్లో టమాటా ఎందుకు కాయడం లేదని ఫోనుల్లో వెతుక్కుంటున్న మన మిత్రులు విద్యార్థులు. గోగునార తీసిన ఆ పెద్దలు మాత్రం విద్యార్థులుగా కాదు, మాస్టార్ల పక్క కుర్చీలో కూర్చోవాలి. వాళ్ళు చెప్పిన మొక్కల పేర్లు మనం రాసుకుందాం. ఈసారి చెప్పినవాళ్ళ పేర్లు కూడా రాసుకుందాం.

మొదటి పాఠానికి గోగుపువ్వు నేను తెస్తాను. బ్లేడు అక్కర్లేదు, వేళ్ళతో విప్పితే చాలు.