క్యూబా కాందిశీకులకు మయామీలో లభించిన ఆశ్రయము

కట్టుబట్టలతో పరదేశమున దిగినవానికి తొలినాడు దొరకిన ఆదరణ జన్మాంతము జ్ఞాపకముండును. అట్టి ఆదరణను ఒక ప్రభుత్వము పద్ధతి ననుసరించి నడపిన వృత్తాంతము క్యూబా కాందిశీకుల చరిత్రలో గలదు.

1959 జనవరిలో ఫిడెల్ కాస్ట్రో నాయకత్వమున క్యూబా విప్లవము జయించెను. అనంతరము ఆస్తులు జాతీయము గావింపబడుటచేతను, రాజకీయ భయముచేతను వేలకొలది జనులు సముద్రము దాటి అమెరికాలోని మయామీ నగరము చేరిరి. వారిలో వైద్యులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు, వర్తకులు పెక్కుమంది. ధనమును వెంట గొనిపోవుటకు అనుమతి లేనందున వారు దాదాపు రిక్తహస్తములతో వచ్చిరి.

మొదట బంధువులును, కాథలిక్ ధర్మసంస్థలును వారి నాదుకొనెను. భారము మితిమీరగా 1960 డిసెంబరులో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కాలమున అత్యవసర కేంద్రము వెలసెను. 1961లో కెన్నెడీ దానిని విస్తృత కార్యక్రమముగా మార్చెను. 1925లో వార్తాపత్రిక కొరకు నిర్మింపబడిన గోపురభవనమున 1962 నుండి 1974 వరకు ఈ సేవలు జరిగెను. అదియే ఫ్రీడమ్ టవరని ప్రసిద్ధి గాంచినది.

అచ్చట పేర్లు నమోదు చేసి, ఆరోగ్యపరీక్ష జరిపి, పాలపొడి, డబ్బామాంసము వంటి ఆహారమును, నెలకు కుటుంబమునకు గరిష్ఠముగ 100 డాలర్లను ఇచ్చుచుండిరి. అన్యనగరములలో పని చూచి, ప్రయాణవ్యయము భరించి పంపుచుండిరి. క్యూబా వైద్యులు తిరిగి వృత్తి చేపట్టుటకై మయామీ విశ్వవిద్యాలయమున ప్రత్యేక శిక్షణ ఏర్పడెను.

మిక్కిలి హృదయవిదారకమైనది బాలల గాథ. 1960 డిసెంబరు నుండి 1962 అక్టోబరు వరకు 14,000 మందికి పైగా బాలబాలికలు తల్లిదండ్రులు లేకయే వచ్చిరి. బంధువులు లేనివారిని శిబిరములలోను, పరుల గృహములలోను పోషించిరి. క్షిపణి సంక్షోభముచే విమానములు నిలిచిపోగా, అనేకులు కన్నవారిని చూచుటకు ఏండ్లు నిరీక్షింపవలసివచ్చెను. 1965 డిసెంబరులో విమానములు మరల సాగి, 1973 వరకు రెండున్నర లక్షలకు పైగా జనులను చేర్చెను.

అయితే ఆ నగరముననే చిరకాలముగ పేదరికమున నున్న నల్లజాతివారు, తమకు దొరకని సహాయము క్రొత్తవారికి దొరకుచున్నదని వాపోయిరి. ఆ మాట నిరాధారము కాదు. వచ్చినవానికి అన్నముతోబాటు పనిని చూపుటయు, ఇంటివాని ఆకలిని మరువకుండుటయు కలిసినపుడే ఆతిథ్యధర్మము సంపూర్ణమగును.