ఒక వంశవృక్షం, నాలుగు వెర్షన్లు

2007 ప్రాంతంలో ఢిల్లీ నుంచి న్యూయార్క్‌కి మాస్కో మీదుగా వెళ్తే టికెట్టు కాస్త చవగ్గా వచ్చేది. మధ్యలో షెరెమెత్యెవో అనే విమానాశ్రయంలో గంటల తరబడి పడిగాపులు. ఆ పేరు నోరు తిరగక నేనూ, నాతో వస్తున్న ఇంకో తెలుగాయనా తెగ నవ్వుకున్నాం. 2022లో ఆ దారి మూతపడింది. పేరు మాత్రం ఈ మధ్య మళ్ళీ ఎదురైంది, వేరే పనిమీద.

మా పెదనాన్నగారు మా వంశవృక్షాన్ని కంప్యూటర్లోకి ఎక్కించమని పురమాయించారు. "నువ్వు సాఫ్ట్‌వేరు వాడివి కదరా, నీకెంతసేపు" అని. ఎక్కించుకుంటూ పోతే ఐదు తరాల దగ్గర ఆగిపోయింది. "అంతకుముందు వాళ్ళు ఏదో సంస్థానంలో దివానుగిరీ చేశారని రాసెయ్" అన్నారు. ఆధారం ఏమన్నా ఉందా పెదనాన్నా అంటే, "అందరూ అలాగే రాసుకుంటార్రా" అన్నారు. నిజంగా అందరూ అలాగే రాసుకుంటారా అని వెతుకుతుంటే ఈ షెరెమెత్యెవ్‌లు దొరికారు. ఆ విమానాశ్రయానికి పేరు పక్కనున్న ఊరి నుంచి వచ్చింది, ఊరికి ఈ వంశం నుంచి వచ్చింది.

సరే, కథలోకి వద్దాం.

ఈ వంశానికి మూలపురుషుడు ఆంద్రేయ్ కొబీలా. 1347లో మాస్కో రాజు సిమ్యోన్‌కి పెళ్ళికూతుర్ని తీసుకురావడానికి త్వేర్ అనే ఊరికి వెళ్ళాడని పాత చరిత్ర గ్రంథంలో ఒక్క ముక్క ఉంది. ఆయన గురించి నికరంగా తెలిసింది అంతే. కొబీలా అంటే ఆడగుర్రం. ఆయన కొడుకు ఫ్యోదర్ కోష్కా, అంటే పిల్లి. తర్వాత తరాల్లో ఒకాయన బెజ్జూబెత్స్, అంటే బోసినోటివాడు. అన్నీ ముద్దుపేర్లే! ఈ బోసినోటాయన వంశంలోని ఆంద్రేయ్‌ని షెరెమెత్ అని పిలిచేవారు. షెరెమెత్యెవ్‌లు ఆయన సంతతి. ఆ పిల్లిగారి ఇంకో శాఖలోంచే 1613 నుంచి 1917 దాకా రష్యాని ఏలిన రొమానోవ్‌లు వచ్చారు. అంటే వీళ్ళు జార్లకి దాయాదులన్నమాట.

ఇక్కడ నాకో సందేహం వచ్చింది. అసలు ఎవరికి ఎవరు ఏమవుతారో అంత జాగ్రత్తగా ఎందుకు రాసి పెట్టుకున్నారు? ప్రేమతోనా? కాదు. ఉద్యోగం కోసం. అప్పటి మాస్కో రాజ్యంలో 'మెస్త్నిచెస్త్వో' అని ఒక పద్ధతి ఉండేది. మీ తాత మా తాత కింద పనిచేసి ఉంటే, నేను మీ కింద పనిచెయ్యను. చేస్తే నాకే కాదు, నా వంశమంతటికీ గ్రేడు పడిపోతుంది. యుద్ధానికి బయల్దేరే ముందు ఎవరు ఎవరి కింద అని సేనాపతులు జార్ దగ్గర దావాలు వేసుకునేవాళ్ళు. ఓడినవాణ్ణి గెలిచినవాడి ఇంటి ముంగిటికి తీసుకెళ్ళి నిలబెట్టేవాళ్ళు. మనకి అప్రైజల్ అప్పుడు మండుతుంది కదా, అక్కడ నాలుగు తరాల కిందటి అప్రైజల్‌ని తవ్వి తీసేవాళ్ళు. కాబట్టి మొదటి వెర్షన్ వంశవృక్షం అంటే సీనియారిటీ లిస్టే.

1682లో ఈ పద్ధతిని రద్దు చేసి ఆ దావాల పుస్తకాలను తగలబెట్టారు. కానీ పెద్దింటివాళ్ళని ఊరుకోబెట్టాలి కదా. అందుకని ఎవరి వంశచరిత్ర వాళ్ళు రాసి దాఖలు చెయ్యమన్నారు. 1687 నాటికి తయారైన ఆ సంకలనాన్ని దాని అట్టని బట్టి 'మఖమల్ పుస్తకం' అంటారు. అసలు తమాషా ఇక్కడ మొదలైంది. దాఖలు చేసేటప్పుడు చాలామందికి మా మూలపురుషుడు ఫలానా విదేశం నుంచి వచ్చిన రాజవంశీకుడు అని గుర్తొచ్చింది! మన ఆడగుర్రంగారు కూడా ప్రష్యా నుంచి దిగుమతి అయిపోయారు. తర్వాత ఇంకో పండితుడు కొబీలా తండ్రి పేరు గ్లాందా కంబీలా అనీ, ఆయన అక్కడి రాజుగారి కొడుకు అనీ తేల్చాడు. కంబీలా కాస్తా రష్యన్ల నోట్లో పడి కొబీలా అయిందట. ఆధునిక చరిత్రకారులు దీన్ని కట్టుకథ కింద కొట్టిపారేశారు. మా పెదనాన్నగారి దివాను ఈయనే. వెర్షన్ రెండు.

ఈ వంశంలో అందరికంటే పేరున్నవాడు బోరిస్ పెత్రోవిచ్ (1652-1719). పీటర్ చక్రవర్తికి ఫీల్డ్ మార్షల్. స్వీడన్‌తో ఏళ్ళ తరబడి యుద్ధం చేశాడు. 1706లో ఆస్త్రఖాన్ తిరుగుబాటుని అణిచినందుకు 'కౌంట్' బిరుదు ఇచ్చారు. రష్యా జార్ చేతుల మీదుగా ఆ బిరుదు అందుకున్న మొదటివాడు ఆయనే. అరవై దగ్గర పడ్డాక, ఇక చాలు, సన్యాసం తీసుకుని కీవ్ మఠానికి పోతానంటే పీటర్ నవ్వి, తన మేనమామ ఇంటి యువ వితంతువుతో పెళ్ళి చేశాడు. 1713లో పుట్టిన కొడుకు ప్యోత్ర్, దేశంలోకెల్లా పెద్ద ఆస్తికి వారసురాలైన చెర్కాస్కీల అమ్మాయిని 1743లో పెళ్ళాడాడు. రెండు ఆస్తులు కలిసిపోయాయి.

ఆస్తి అంటే భూమీ, భవనాలే అనుకోకండి. అప్పటి రష్యాలో ఆస్తిని 'ఆత్మల్లో' లెక్కపెట్టేవాళ్ళు. ఆత్మ అంటే ఒక మగ అర్ధబానిస రైతు. యజమాని ఒప్పుకోకుండా ఊరు దాటకూడదు, పెళ్ళి చేసుకోకూడదు. అమ్మొచ్చు, కొనొచ్చు, తాకట్టు పెట్టొచ్చు. ఆడవాళ్ళు లెక్కలోకే రారు. పందొమ్మిదో శతాబ్దంలో షెరెమెత్యెవ్‌ల దగ్గర ఇలాంటి ఆత్మలు లక్షకు పైగా ఉండేవి. జార్ కుటుంబాన్ని పక్కన పెడితే ఇంతమంది మనుషులున్న యజమాని దేశంలో ఇంకొకరు లేరు.

వాళ్ళలో ఒక కమ్మరి కూతురు ప్రస్కోవ్యా కొవల్యోవా. 1768లో పుట్టింది. చిన్నప్పుడే ఆ పిల్లని మాస్కో దగ్గరి కుస్కొవో బంగళాకి తీసుకొచ్చి సంగీతం, నటన, ఫ్రెంచి, ఇటాలియన్ నేర్పించారు. ప్యోత్ర్ కొడుకు నికొలాయ్ (1751-1809)కి ఒపేరా అంటే పిచ్చి. తన అర్ధబానిసలతోనే ఒక నాటక కంపెనీ నడిపాడు. నటీమణులకి రత్నాల పేర్లు పెట్టాడు. ఒకామె గ్రనాతొవా (గోమేధికం), ఒకామె బిర్యుజొవా (ఫిరోజా రాయి). ప్రస్కోవ్యా జెమ్చుగొవా, అంటే ముత్యం. 1779లో పదకొండేళ్ళకే స్టేజీ ఎక్కింది. 1787లో ఆమె నటన చూసి కేథరిన్ మహారాణి వజ్రపుటుంగరం ఇచ్చింది. ప్రేక్షకులు చప్పట్లు కొట్టేది ఒక మనిషికి. కాగితాల మీద మాత్రం ఆమె ఒక వస్తువు.

నికొలాయ్ ఆమెని ప్రేమించాడు. దీన్ని మన సినిమా కథలా చదువుకోకూడదని నాకనిపిస్తుంది. కాదనే హక్కు లేని మనిషి అవునంటే ఆ అవునుకి అర్థం ఏమిటి? ఆ ప్రశ్నకి కాగితాల్లో జవాబు దొరకదు. ఏదేమైనా 1798లో ఆమెకి విముక్తి పత్రం రాసిచ్చాడు. 1801 నవంబరులో మాస్కోలో రహస్యంగా పెళ్ళి చేసుకున్నాడు.

కానీ కౌంట్ గారు కమ్మరి కూతుర్ని చేసుకున్నాడంటే పరువు ఏం కావాలి? ఇక్కడ వస్తుంది వెర్షన్ మూడు. కొవల్యోవా అనే ఇంటిపేరు నిజానికి కొవలేవ్‌స్కీ అనీ, వాళ్ళు పోలండ్‌లో ఒక కులీన వంశమనీ, ఆమె ఆ వంశపు బిడ్డేననీ కాగితాలు పుట్టించారు. అసలు కిటుకేంటంటే 'కొవల్' అంటేనే కమ్మరి. ఇంటిపేరు మార్చినా కొలిమి పోలేదు! వంశవృక్షాన్ని వెనక తేదీతో పుట్టించడం అంటే ఇదే. మనం కోడు రాసేశాక డిజైన్ డాక్యుమెంట్ తయారు చేసి, ముందే రాశామని చూపిస్తాం కదా, అచ్చం అలాగే.

1803 ఫిబ్రవరి 3న కొడుకు ద్మీత్రీ పుట్టాడు. ఇరవై రోజులకి ప్రస్కోవ్యా చనిపోయింది. పెళ్ళి సంగతి అప్పుడే బయటపడింది. ఆస్తి తమకే వస్తుందని ఎదురుచూస్తున్న బంధువులకి గొంతులో వెలక్కాయ పడింది. అంత్యక్రియలకి పెద్దింటివాళ్ళు దాదాపు ఎవరూ రాలేదు. నికొలాయ్ ఆమె జ్ఞాపకంగా మాస్కోలో ఒక పెద్ద ధర్మాసుపత్రి, అనాథ శరణాలయం కట్టించాడు. అది 1810లో తెరిచేనాటికి ఆయన కూడా లేడు. ఇవాళ ఎమర్జెన్సీ వైద్యానికి పేరున్న స్క్లిఫొసోవ్‌స్కీ ఇన్‌స్టిట్యూట్ 1923లో మొదలైంది ఆ భవనంలోనే.

ఇప్పుడు నన్ను బాగా కెలికిన విషయం చెప్తాను. ఆ ద్మీత్రీ ఉన్నాడే, తల్లి అర్ధబానిసగా పుట్టింది. తల్లి చనిపోయాక అతన్ని పెంచింది ఆమె స్నేహితురాలు, ఆ గోమేధికం గ్రనాతొవా. ఆవిడా ఒకప్పటి అర్ధబానిసే. అలాంటివాడు లక్షమందికి పైగా ఆత్మలకి యజమాని అయ్యాడు. వాళ్ళందరినీ విడిచిపెట్టాడా? లేదు. మంచివాడనీ, దానాలు చేస్తాడనీ పేరు తెచ్చుకున్నాడు గానీ, వాళ్ళకి స్వేచ్ఛ 1861లో చట్టం వచ్చాకే వచ్చింది. అతని ఊరు ఇవానొవోలో బట్టల మిల్లులు పెట్టి లక్షలు గడించిన అర్ధబానిసలు కూడా ఉండేవాళ్ళు. వాళ్ళు తమని తాము కొనుక్కోవాలంటే యజమానికి ఆ లక్షల్లోంచే కట్టాలి. వంశవృక్షంలో తల్లి గడిని పోలండ్ పేరుతో నింపేశాక, ఆ గడిలోంచి చూడాల్సింది ఎవరికీ కనపడలేదేమో.

ద్మీత్రీ కొడుకు సెర్గేయ్ (1844-1918) చరిత్రంటే ప్రాణం పెట్టేవాడు. ఇంట్లో ముసలి గ్రనాతొవా చెప్పిన కబుర్లు వింటూ పెరిగాడు. పెద్దయ్యాక ఆవిడ గురించి పుస్తకం కూడా రాశాడు. బర్సుకోవ్ అనే చరిత్రకారుడి చేత తమ వంశచరిత్ర రాయించాడు. 1881 నుంచి 1904 దాకా ఎనిమిది సంపుటాలు!

తర్వాత పదమూడేళ్ళకే విప్లవం వచ్చింది. 1918 నవంబరులో రహస్య పోలీసులు మాస్కోలోని ఇంట్లోకొచ్చి మగవాళ్ళని అరెస్టు చేశారు. మంచం పట్టిన సెర్గేయ్ డిసెంబరులో పోయాడు. ఆయన అల్లుళ్ళు ఇద్దరిని 1919లో కాల్చి చంపారు. మిగిలినవాళ్ళు 'మాజీ మనుషులు' అయ్యారు. అది అప్పట్లో అందరూ వాడిన మాటే. ఉద్యోగానికీ, కాలేజీ సీటుకీ నింపే ఫారంలో 'సామాజిక పుట్టుక' అని ఒక గడి. అందులో నిజం రాస్తే బతుకు తెల్లారినట్టే. వెర్షన్ నాలుగు అన్నమాట. ఈసారి చెయ్యాల్సింది కలపడం కాదు, చెరిపెయ్యడం. ఎనిమిది సంపుటాల్లో అచ్చయిన దాన్ని చెరపడం ఎలా?

1924లో చాలామంది దేశం వదిలి వెళ్ళారు. సెర్గేయ్ మనవడు నికొలాయ్ మాత్రం వెళ్ళలేదు. అతను వఖ్తాంగోవ్ నాటకశాలలో వయొలిన్ వాయించేవాడు. అక్కడి నటి సెసీలియా మన్సూరొవాని ప్రేమించి, ఆమె కోసం ఉండిపోయాడు. ముత్తాత తండ్రి పేరే, మళ్ళీ ఒక నటే. కాకపోతే ఈసారి రక్షణ అవసరమైంది కౌంట్‌కి, ఇచ్చింది నటి.

చదివినదంతా అయ్యాక ఆ లక్షమంది సంగతేంటని చూశాను. వాళ్ళకి మఖమల్ పుస్తకాలు లేవు, ఎనిమిది సంపుటాలు లేవు. కానీ పన్ను కోసం 1719 నుంచి 1858 దాకా పదిసార్లు జనాన్ని లెక్కపెట్టిన జాబితాలున్నాయి. ఇంటివారీగా పేరు, వయసు. 1811 లెక్కలో అయితే ఆడవాళ్ళ పేర్లే రాయలేదు. ఇవాళ రష్యాలో మామూలు మనుషులు తమ ముత్తాతల్ని వెతుక్కునేది ఆ జాబితాల్లోనే. యజమాని ఆస్తి చిట్టా వాళ్ళకి వంశవృక్షం అయింది. గొప్పల కోసం రాసింది కాదు కాబట్టి, అందులో ప్రష్యా రాకుమారులు ఉండరు. ఒక రకంగా వాళ్ళ వంశవృక్షమే నికరమైంది, ఖాళీలతో సహా.

పోయిన ఆదివారం పెదనాన్నగారికి ఫైలు పంపాను. ఐదో తరం పైన ఏమీ రాయలేదు. మూడో తరంలో ఒక నాయనమ్మగారి పుట్టింటి వివరాలు ఎవరూ చెప్పరు. అడిగితే మాట మార్చేస్తారు. ఆ గడి కూడా ఖాళీగానే ఉంచాను. "దివాను ఏడిరా?" అని ఫోన్ చేశారు. షెరెమెత్యెవ్‌ల కథంతా చెప్పాను. ఓపిగ్గా విని, చివర్లో, "ఆవిడ పేరు సుబ్బమ్మ. అదన్నా రాయి" అన్నారు.

రాశాను.