గుణదల కొండయు, మన సీమకు వచ్చిన రోమక సన్న్యాసులును

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసందర్భమున వెలువడు ఈ సంచికకు ఒక చారిత్రక వ్యాసము వ్రాసి యీయవలెనని కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. ఊరి లెక్కలు వ్రాయుట వృత్తిగాను, తీరిక వేళల పురాణ కావ్యములు తిరుగవేయుట వ్యసనముగాను గల నావంటివాని నుండి చదువరులు పెనుకొండ కోటను గూర్చియో, లేపాక్షి బసవన్నను గూర్చియో, కటారుపల్లి వేమన సమాధిని గూర్చియో ఆశింతురు. వానిని గూర్చి వ్రాసినవారు పలువురు కలరు. నేను ఎన్నుకొన్న విషయము వేరు. బెజవాడకు వెళ్లినప్పుడు గుణదల మేరీమాత క్షేత్రమును దర్శించితిని. దానిని గూర్చి వ్రాయదలచితిని.

"కతోలికుల గుడితో మన తలుపుల గ్రంథాలయమునకేమి పని?" అని కొందరడుగవచ్చును. పని కలదు. ఆ మతస్థులతో మన కదిరి, ధర్మవరము సీమలకు గల సంబంధము నిన్న మొన్నటిది కాదు. దాదాపు మూడువందల యేండ్లనాటిది. అందులో పుస్తకముల కథ యొకటి ఇమిడియున్నది. గ్రంథాలయోత్సవమున చెప్పుకొనదగిన కథ అది.

1688లో సయాం దేశమున రాజ్యము తారుమారయినది. అచ్చట నున్న ఫ్రెంచి జెసూట్ సభవారు ఆ దేశమును వీడవలసివచ్చెను. వారిలో కొందరు పుదుచ్చేరి చేరిరి. 18వ శతాబ్దారంభమున, మధుర సీమలో చిరకాలము పనిచేసిన బూషే అను గురువు పెద్దగా, తెలుగు కన్నడ సీమలలో మతబోధకై "కర్ణాటక మిషను" ఏర్పడినది. పుంగనూరు, చిక్కబళ్లాపురము, కృష్ణాపురము, ధర్మవరము మున్నగుచోట్ల వారు సంచరించిరి, కొన్నిచోట్ల ఆలయములు కట్టుకొనిరి. చదువరులారా, ఇందు కొన్ని పేర్లు మనము సంతకు, రైలుకు పోవు ఊళ్ల పేర్లే!

ఆ గురువులు దొరల వేషమున రాలేదు. మధురలో 1606 మొదలు పనిచేసిన రాబర్టు డి నొబిలీ చూపిన త్రోవనే పట్టి, కావివస్త్రములు ధరించి, మాంసము మద్యము విసర్జించి, తెలుగు నేర్చి, సన్న్యాసుల వలె మెలగిరి. జనులు వారిని రోమక సన్న్యాసులనిరి. ఈ నడవడి వారి మతములోనే పెద్ద వివాదమునకు హేతువయినది. దేశాచారములను ఎంతవరకు అంగీకరింపవచ్చునను తగవు రోమునకు పోయి, ఏండ్ల తరబడి సాగి, తుదకు 1744లో పదునాలుగవ బెనెడిక్టు పోపు శాసనముతో ముగిసినది. ఆ శాసనము దేశాచారములను పెక్కింటిని నిషేధించినది. ఒక దేశమున నిలువదలచినవాడు ఆ దేశమును ఎంత తనదిగా చేసికొనవలెనను ప్రశ్న ఆనాడు వారికి ప్రాణసంకటమయినది.

ఇక పుస్తకముల కథ. పారిసు నగరమున ఫ్రెంచి రాజుగారి గ్రంథాలయమునకు బిన్యో అను పండితుడు అధిపతిగా నుండెను. తూర్పుదేశముల గ్రంథములను సేకరించి పంపుడని ఆయన మిషనువారిని కోరెను. అప్పుడు కర్ణాటక మిషనునకు పెద్దగా నున్నవాడు ల గాక్. ఈయన మన కృష్ణాపురమునుండి లేఖలు వ్రాసినవాడే. ఆయన పూనికతో, కాల్మెత్ అను గురువు శ్రమతో, తాళపత్ర గ్రంథములు పెట్టెలకెక్కి సముద్రము దాటినవి. వానిలో వేదములుండెను. వేదమును పరులకు వినిపించుటయే దోషమని యెంచిన కాలమున అది ఎంత దుర్లభమో మన పెద్దలకు చెప్పనక్కరలేదు. 1739లో అచ్చయిన ఆ రాజ గ్రంథాలయపు పట్టికలో భారతదేశ గ్రంథములకును చోటు దొరకినది.

ఇచ్చట ఒక సత్యమును దాచరాదు. కాల్మెత్ వేదములను వెదకినది వానిపై భక్తితో కాదు. వేదవాక్యములనే చూపి వైదికులతో వాదించి గెలువవలెనని ఆయన కోరిక. తన లేఖలలో ఆ మాట దాచుకొనలేదు. మరియు "ఎజూర్ వేదము" అను పేర ఫ్రెంచి భాషలో ఒక కృతక గ్రంథము పుట్టినది. మిషనువారి చేతినుండి వెలువడినదని పండితులు తలచు ఆ గ్రంథమును 1761లో వోల్టేరు నిజమైన ప్రాచీన గ్రంథమని నమ్మి రాజ గ్రంథాలయమునకు సమర్పించెను. 1778లో అది అచ్చయినది. 1782లో సోనెరా అను యాత్రికుడు అది వేదము కాదని ప్రకటించెను. మెచ్చుకొనదగినదానిని మెచ్చి, తప్పుబట్టదగినదానిని తప్పుబట్టుట చరిత్ర వ్రాయువాని ధర్మము. జమయు ఖర్చును ఒకే పుటలో చూపని లెక్క లెక్క కాదు.

జమ వైపున వ్రాయదగిన గొప్ప పేరు కేర్దూ. ఈయన 1691లో ఫ్రాన్సున పుట్టి, 1732లో మన దేశమునకు వచ్చి, ఈ తెలుగు సీమలో పనిచేసి, 1779లో పుదుచ్చేరిలో మరణించెను. తెలుగును సంస్కృతమును చక్కగా నేర్చి, తెలుగు, ఫ్రెంచి, సంస్కృత పదములకు నిఘంటువు కూర్చెను. మన సంస్కృతమునకును, తన లాటిను గ్రీకు భాషలకును ఇంత పోలిక ఎట్లు కలిగినదని ఆయన ఆశ్చర్యపడెను. మనము దానమనునది వారికి దోనుం; మన విధవ వారికి విదువా; మన జానువు వారికి గెను; మన దేవుడు వారికి దెవుస్. ఇవి బేరసారములవలన అరువు వచ్చిన మాటలు కావనియు, ఒకే మూలమునుండి చీలిన జాతుల సొత్తనియు ఆయన ఊహించి 1767లో పారిసు పండిత పరిషత్తునకు వ్రాసెను. ఆ లేఖ నలువదేండ్లు మూలబడి 1808లో గాని అచ్చు కాలేదు. ఈలోగా 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్సు అదే భావమును ప్రకటించి జగత్ప్రసిద్ధుడయ్యెను. తెలుగు పల్లెలలో తిరిగిన కాళ్లు ముందుగా చేరిన గమ్యమది.

ఆ సాంగత్యము తెలుగు కవిత్వమునను ఫలించినది. మంగళగిరి ఆనందకవి అను నియోగి బ్రాహ్మణుడు 18వ శతాబ్దమున "వేదాంత రసాయనము" అను ప్రబంధమున క్రీస్తు చరిత్రమును పద్యములలో రచించెను. వసుచరిత్ర, మనుచరిత్రములు చదువువారు ఈ గ్రంథమును గూడ ఒకసారి చేపట్టదగును.

అటుపిమ్మట చెడుకాలము వచ్చినది. 1740లో మహారాష్ట్ర సేనలు దామలచెరువు కనుమ యొద్ద ఆర్కాటు నవాబును సంహరించి సీమనెల్ల కొల్లగొట్టినవి. ఇంగ్లీషు ఫ్రెంచి యుద్ధములలో 1761లో పుదుచ్చేరి కూలినది. 1764లో ఫ్రెంచి రాజు తన రాజ్యమున జెసూట్ సభను రద్దుచేసెను. 1773లో పోపే దానిని లోకమంతట రద్దుచేసెను. పోషించువారు లేక మిషను క్షీణించినది. దండులకు, కరవులకు వెరచి ఈ సీమలోని క్రైస్తవ కుటుంబములు కొన్ని ఉత్తరముగా గుంటూరు సీమకు వలసపోయినవి. ఫిరంగిపురము వంటి గ్రామములలో వారి సంతతి స్థిరపడినది. కనుక కృష్ణాతీరపు కతోలిక క్షేత్రములకు పోవునప్పుడు మనము పూర్తిగా పరాయివారి ఇంటికి పోవుచున్నామనుకొనరాదు. మన రాళ్లసీమ దుమ్ము వారి పూర్వుల పాదములకు అంటినదే.

ఇక గుణదల. దీని మూలము ఫ్రాన్సులోని లూర్దు అను కొండయూరు. 1858 ఫిబ్రవరి 11వ తేదీన బెర్నదెత్త యను పదునాలుగేండ్ల పేదపిల్ల కట్టెపుల్లలు ఏరుకొనబోగా, ఒక గుహలో తెల్లని వస్త్రములు, నీలపు నడికట్టు ధరించిన తల్లి కనబడినదని చెప్పినది. జులై 16వ తేదీలోపల అట్టి దర్శనములు పదునెనిమిది కలిగినవని చెప్పుదురు. ఆ పిల్లకు మొదట అక్షరములు రావు. అధికారులు బెదిరించిరి, గురువులు శంకించిరి. ఆమె మాట మార్చలేదు. 1933లో ఆమెకు కతోలిక సభ పునీత బిరుదము నిచ్చెను.

బెజవాడ తూర్పున గుణదలలో అనాథ బాలుర కొరకు సెయింట్ జోసెఫ్ సంస్థ యొకటి యుండెను. దాని పెద్దయైన ఆర్లాటి యను ఇటలీ గురువు 1924లో అచ్చట మరియమాత ప్రతిమను నిలిపెను. క్రీస్తు సిలువనెక్కి పందొమ్మిదివందల యేండ్లయిన సందర్భమున 1933లో కొండ కొమ్మున పదునెనిమిది అడుగుల ఇనుప సిలువను ఎత్తించెను. 1937లో బెజవాడ ప్రత్యేక పీఠమయినది. గుణదల ఆలయము 1971లో ప్రతిష్ఠితమయినది. ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరుగు తిరునాళ్లకు లక్షలాది జనము వత్తురు.

మన ఊరినుండి పోవువారు కదిరిలో రైలెక్కి ధర్మవరము చేరి, అచ్చటినుండి బెజవాడకు పోవచ్చును. ఆ నగరమునకు పడమట ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మ, తూర్పున గుణదల కొండపై మరియమ్మ. ఉదయమున ఒక కొండ, సాయంకాలమున ఒక కొండ ఎక్కు యాత్రికులు నాకు కనబడిరి. నేను తిరునాళ్లు కాని దినమున వెళ్లితిని. కొండ నడుమ గుహాకృతిలో మాత విగ్రహము, పైకి మెట్లు, త్రోవ పొడుగున క్రీస్తు శ్రమలను తెలుపు సిలువ మార్గపు పదునాలుగు స్థలములు. కొబ్బరికాయలు కొట్టువారు, క్రొవ్వొత్తులు వెలిగించువారు, తలనీలాలు సమర్పించువారు, బొట్టు పెట్టుకొన్న ముత్తైదువలు, జపమాల త్రిప్పు వృద్ధులు, అందరును ఒకే వరుసలో నడచుచుండిరి. 1744 నాటి శాసనము కాదన్న దేశాచారములు కొన్ని, రెండువందల యేండ్ల తరువాత, కొండ మెట్లవెంట తమంతట తామే వచ్చి కూర్చున్నవని నాకు తోచినది.

పరమతక్షేత్రమునకు పోవువాడు ఎట్లు మెలగవలెనో రెండు మాటలు చెప్పెదను. పెనుకొండ బాబయ్య దర్గాకు చక్కెర చదివించు అలవాటుగల మనకిది క్రొత్త కాదు గాని, కతోలిక గుడిలో తెలిసికొనవలసిన పద్ధతులు కొన్ని కలవు. దివ్యబలిపూజ జరుగునప్పుడు అటునిటు తిరుగక వెనుక బల్లపై కూర్చుండవలెను. వారు లేచినప్పుడు లేచుట మర్యాద. మోకరిల్లుట మన యిచ్ఛ. పూజాంతమున గురువు పంచు సత్ప్రసాదము మన గుడి ప్రసాదము వంటిది కాదు. అది సాక్షాత్తు క్రీస్తు శరీరమని వారి విశ్వాసము; జ్ఞానస్నానము పొంది సిద్ధపడినవారికే అది చెందును. చేయి చాచుట భక్తి అనిపించుకొనదు. కూర్చున్నచోటనే చేతులు జోడించుట చాలును. పాపసంకీర్తనము చేయువారి సమీపమున నిలువరాదు. ప్రార్థించువారి మొగమునకెదురుగా ఫొటోలు తీయరాదు. తెలియనిదానిని అడిగి తెలిసికొనవచ్చును. నేనడిగినవారెవ్వరును విసుగుకొనలేదు, నన్ను తమ మతమునకు రమ్మనియు అనలేదు.

ఇంటికి వచ్చిన పిమ్మట మా బంధువొకరు, "వారు మనలను మార్పవచ్చిన వారు గదా, వారి గుడికి నీవేల పోవలె?" అని కొంచెము కోపముతోనే అడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. మతము మార్పుల వలన ఊళ్లలో అన్నదమ్ములు విడిపోవుటయు, శ్మశానము కడ సయితము తగవులాడుటయు మనమెరుగుదుము. దానికి నా సమాధానమిది. కాల్మెత్ మన వేదములను ఖండించుటకే వెదకెను. కాని ఖండించుటకై చదువవలసి వచ్చెను. చదువుటకై భద్రపరుపవలసి వచ్చెను. ఆయన వాదములను నేడు తలచువారు అరుదు. ఆయన పంపిన గ్రంథములు మాత్రము నేటికిని పారిసులో చదువువారి కొరకు నిలిచియున్నవి. మన పుస్తకములను పరులు అంత శ్రద్ధతో చదివినప్పుడు, వారి గుడి మెట్లు మర్యాదతో నెక్కుటకు మనము వెనుదీయుట మన పెద్దరికమునకు తగదు. ఎక్కినంతమాత్రమున నా ఇలవేల్పు కదిరి నరసింహుడు నన్ను విడువలేదు. నేనును ఆయనను విడువలేదు.

మన గ్రంథాలయపు బీరువాలో భాగవతము ప్రక్కన ఖురాను తెలుగు అనువాదము, బైబిలు, వేదాంత రసాయనము నిలువవలెనని నా విన్నపము. ఎవరిని ఎదిరించుటకైనను, ఎవరిని ఆదరించుటకైనను ముందు వారి గ్రంథమును చదువుట మేలు. ఆ చదువునకు తావిచ్చిన ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము, శతజయంతియు చూచుగాక!