చందువ వేపుడు

చందువ వేపుడు ఆంధ్ర ప్రదేశ్ తీర ప్రాంతములో పెనముపై కొద్దిపాటి నూనెతో వేయించు చేప వంటకము. దీనికి తెల్ల చందువ (శాస్త్రీయ నామము: పాంపస్ అర్జెంటియస్) శ్రేష్ఠము. నల్ల చందువ పేరుకు చందువయే గాని వేరొక కుటుంబమునకు చెందినది. నడిముల్లు తప్ప చిన్న ముళ్ళు తక్కువగుటచే పిల్లలకు పెట్టుట సులభము. సాయంత్రము ఆలస్యముగా ఇల్లు చేరినను అరగంటలో సిద్ధమగును.

==తయారు చేయు విధానము==
కడిగిన చేపను గుడ్డతో బాగుగా అద్దవలెను. తడి మిగిలినచో చేప వేగక ఉడికి, చర్మము పెనమునకు అంటుకొనును. ఇరువైపులా గాట్లు పెట్టి ఉప్పు, కారము, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద, నిమ్మరసము పలుచగా పట్టించి 15 నిమిషములు ఉంచవలెను. నూనె బాగా కాగిన పిదప చేపను వేసి, మధ్యస్థమైన మంటపై 4-5 నిమిషములు కదల్పరాదు. అడుగు వేగిన చేప తనంతట తానే పెనమును వదలును. తొందరపడి త్రిప్పినచో విరుగును. ఇనుప పెనమైనను ఇంతే. రెండవ వైపునకు ఇంకొంచెము తక్కువ సమయము చాలును. నడిముల్లు వద్ద కండ తెల్లబడి సులభముగా విడివడినచో దించవచ్చును.