ఉడుత, ఏదుపంది, ఎలుక: మూడు దవడల చరిత్ర

ఓరుగల్లు ప్రాంతమున కేసముద్రం వ్యవసాయ మార్కెట్టును ఎరుగని రైతు అరుదు. అక్కడనే కాదు, ధాన్యము నిలువజేసిన ఏ కొట్టులోనైనను బస్తా అడుగున ఒక రంధ్రము కనబడుట మామూలే. కొట్టు తలుపు చెక్కను పరిశీలించినచో జంట గీతలు, సన్నని ఉలితో చెక్కినట్లు, వరుసగా ఉండును. ఆ ఉలి చరిత్ర 5 కోట్ల 50 లక్షల సంవత్సరములకు పైబడినది.

కొరికి తిను జంతువులన్నిటికిని పై దవడలో ఒక జత, క్రింది దవడలో ఒక జత కొరుకుడు పళ్ళు గలవు. అవి జీవితాంతము పెరుగుచునే ఉండును. గట్టి పింగాణి పూత ముందు వైపుననే ఉండుటచే వెనుక భాగము త్వరగా అరిగి, అంచు ఎల్లప్పుడును పదునుగా నిలుచును. సాన పట్టువాడు వేరుగా అక్కరలేదు. కోరపళ్ళు లేవు, ఆ చోటు ఖాళీ. కొరకవలెనన్న క్రింది దవడను ముందుకు నెట్టవలెను, నమలవలెనన్న వెనుకకు లాగవలెను. రెండును ఒకేసారి సాగవు. కనుక దవడను ముందుకు లాగు కండరము ఎచ్చట పుట్టవలెననునదే ఈ జాతి ఎదుర్కొన్న ప్రశ్న.

ఆ ప్రశ్నకు ప్రకృతి చెప్పిన జవాబులు మూడని 1855లో బ్రాంట్ అను శాస్త్రజ్ఞుడు గుర్తించినాడు. చిత్రమేమనగా, ఆ మూడింటిని చూచుటకు మనము సముద్రములు దాటనక్కరలేదు. వేపచెట్టు మీది ఉడుతకు పై పొర కండరము కంటి ముందుగా మూతి వైపునకు ప్రాకినది. గుట్టలలో తిరుగు ఏదుపందిది మరొక ఉపాయము. కంటి క్రింద పుఱ్ఱెలో ఒక రంధ్రమున్నది. మనకు అందులో నాడియు రక్తనాళమును మాత్రమే పోవును. ఏదుపందికి ఆ రంధ్రము ఎంతో పెద్దదై, లోపలి కండరమే దాని గుండా దూరి మూతి ప్రక్కకు చేరినది. ఇక ఎలుక, పందికొక్కు ఈ రెండు ఉపాయములను కలిపి వాడుకొన్నవి.

ఈ కలయిక ఫలమెంతటిదో 2012లో వెలువడిన ఒక పరిశోధన కంప్యూటరు నమూనాలతో లెక్కగట్టినది. ఉడుత పుఱ్ఱె కొరుకుటలో మేటి, ఏదుపంది పద్ధతి దవడ గల గినీపిగ్ నములుటలో మేటి. ఎలుక ఆ రెండు పనులలోను రెండింటిని మించినది. గింజ పొట్టు ఒలుచుటకును, పిండి చేయుటకును అదే నోరు చాలుచున్నదన్న మాట. ధాన్యపు కొట్టులో ఉడుత కంటె ఎలుకయే మనకు పెద్ద శత్రువగుటకు ఇదియు ఒక కారణమని నా ఊహ.

అయితే దవడను నమ్మి వంశావళి వ్రాసినవారు చిక్కులలో పడిరి. మూడు దవడలు గనుక మూడు వంశములని చాలకాలము భావించిరి. 1899లో టుల్‌బెర్గ్ కండరమును వదలి, క్రింది దవడ మూల ఎముక ఆకారమును బట్టి రెండే వర్గములు చేసినాడు. ఎడారులలో గెంతు జెర్బోవాకు ఏదుపందికున్నట్టి పెద్ద రంధ్రమున్నది. జన్యువులను పరీక్షించగా అది ఎలుకకు చుట్టము. ఐరోపాలో శీతకాలమంతయు నిద్రించు డార్‌మౌస్ దవడ ఎలుకను పోలినది, బంధుత్వము ఉడుతతో. ఒకే అవసరము వేరువేరు ఇండ్లలో ఒకే పనిముట్టును చేయించినది.

ఈ జంతువులు మన నేలపై ఎంత పాతవి? బేతంచెర్ల సమీపమున, నేటి నంద్యాల జిల్లాలో, బిల్లసర్గం గుహలున్నవి. 1884-85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఆ గుహలను త్రవ్వించిరి. అచ్చట దొరకిన ఎముకలను లిడెక్కర్ 1886లో వర్ణించినాడు. పులి, ఖడ్గమృగముల నడుమ ఏదుపంది, పందికొక్కు దవడలును ఉన్నవి. తిరిగి త్రవ్వి చూచిన పరిశోధకులు 2014లో ప్రకటించినదేమనగా, సుమారు 2 లక్షల సంవత్సరముల కాలములో అచ్చట గుర్తించిన 21 రకముల క్షీరదములలో 20 నేటికిని ఉపఖండమున జీవించుచున్నవి. రాజ్యములు లేనప్పుడే, వరి మడి లేనప్పుడే పందికొక్కు ఉన్నది.

దాని పేరు సైతము దేశాంతరములు తిరిగినది. ఇంగ్లీషువారి బాండికూట్ మన పందికొక్కే. ఆస్ట్రేలియాలో దానితో ఏ బంధుత్వమును లేని, పొట్టసంచి గల మరొక జంతువునకు ఆ పేరు పెట్టినారు. ఇక్కడి పందికొక్కు మాత్రము గట్టు క్రింది బొరియలో వరికంకులు దాచుకొనుచునే ఉన్నది. కోతల తరువాత ఆ బొరియలు త్రవ్వి గింజలు ఏరుకొనువారు వాటి మొదళ్ళను చూచినచో, మొదట చెప్పిన ఉలి ఆనవాలు కనబడును.