పిలువని పేరంటము

నూజివీటి నుండి మా చాట్రాయి వరకు మామిడితోటలు పరచుకొనియున్న మెట్టసీమ పూర్వము కృష్ణామండలములోనిది. 2022 నుండి ఏలూరు జిల్లాలో చేరినది. ఈ సీమలో చిన్నదో పెద్దదో ప్రార్థనామందిరము గల పేటలు పెక్కులు. ఆ మందిరములనుగూర్చి ఊరిపెద్దలు తరచుగా పలుకు మాట యొకటి కలదు: దొరలు గంజి పోసిరి, వీరు మతము పుచ్చుకొనిరి, అని. ఈ మాటలో నిజమెంత కలదో చరిత్రనే యడుగుదము.

దొరలు మొదట వచ్చినది వీరికొరకు కాదు. రాబర్టు నోబిలు 1841లో బందరు చేరి, 1843లో పాఠశాల నెలకొల్పెను. ఆయన చూపెల్ల అగ్రవర్ణముల పిల్లలపైననే యుండెను. బ్రాహ్మణుడు మారినచో తక్కినవారు వెంటనే వత్తురని యాయన తలంపు. మాలమాదిగల బిడ్డలకు ఆ బడిలో చోటు లేకపోయెను. బడిపంతులమగు మేము నోబిలు పడిన శ్రమను తక్కువ చేయజాలము గాని, పిలుపు ఒకచోటికి పోగా, పలికినవారు వేరొకచోట నుండిరనుట మాత్రము నిజము.

రాఘవాపురమున పగోలు వెంకయ్య యను మాలకులస్థు డుండెను. మిషనరీ యెవ్వడును తన్ను వెదకికొని రాకమునుపే యతనికి విగ్రహములయందు నమ్మకము సడలెను. దేవుడెవ్వడో, ఎచ్చట నున్నాడో తనకు తెలుపుమని ఆ తెలియని దేవునినే వేడుకొనుచు కొన్నియేండ్లు గడపెను. పిమ్మట డార్లింగు అను మిషనరీని తానే కలిసికొని, 1859లో కుటుంబముతో బాప్తిస్మము పొందెను. ఒంగోలుసీమలోని ఎర్రగుంట్ల పేరయ్య కథయు నిట్టిదే. అతడు మాదిగ, తోళ్లవర్తకుడు. రాజయోగము నభ్యసించిన సాధకుడు. వ్యాపారముకై ఏలూరు దెసకు వచ్చినప్పు డచ్చట క్రైస్తవబోధ విని, దానిని మూటగట్టుకొని యింటికి పోయెను. 1866లో బాప్తిస్మము పొందునప్పటికి పేరయ్య తనవారికి బోధించుచునే యుండెను. ఈ యిరువురిని ఎవ్వరును పేరంటమునకు పిలువలేదు. వీరే వచ్చి తలుపు తట్టిరి.

వచ్చినందువలన వీరికి కలిగినదేమి? దొరతనమువారి యుద్యోగములు కావు, భూములు కావు. క్లౌ దొర తనవద్దకు వచ్చినవారికి విధించిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుమాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. చదువరులకు వీనిలో మొదటిది అతిసామాన్యముగా దోచవచ్చును. కాని వెట్టివాని దినము తనది కాదు. కామందు కేక వేసిననాడు పోవలెను. జాతరకు డప్పు కొట్టుమన్ననాడు కొట్టవలెను. అట్టివాడు ఏడుదినములలో నొకదానిని చూపి “ఈ దినము రాను” అనుట తరతరములలో వినబడని మాట. చచ్చిన గొడ్డును తిననని చెప్పుటయు అట్టిదే. ఊరు తనకు విడిచిన యెంగిలిని త్రోసివేయుట యది. ఊళ్లకు కోపము వచ్చినది ఏసుక్రీస్తుమీద కాదనియు, ఈ రెండు మాటలమీదననియు మా యభిప్రాయము. పనులు మాన్పించిరి, నీళ్లు కట్టడి చేసిరి. అయినను ఊరిలో “ఒరే” యనిపించుకొన్నవాడు సంఘములో “అయ్యగారు” అయ్యెను. ఆ పిలుపు విన్న చెవి మునుపటి పిలుపునకు మరల సులభముగా లోబడదు.

ఇక గంజిమాట. 1876 మొదలు 1878 వరకు ధాతకరవు దక్షిణదేశమును దహించినది. క్లౌ దొర బకింగుహాము కాలువ పనిలో కొంతభాగము గుత్తకు పట్టి వేలమందికి కూలి చూపెను. అప్పుడు మతమిమ్మని వచ్చినవారెందరో. అయినను అన్నముకొరకు వచ్చితిరను మాట రాగూడదని యాయన కరవుకాలమున బాప్తిస్మములు నిలిపివేసెను. సహాయము ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న, గుండ్లకమ్మయొడ్డున వెల్లంపల్లివద్ద ఒక్కదినమున 2,222 మంది నీట మునిగిరి. ముంచినవారు దొరలు కారు, తెలుగు బోధకులు ఆరుగురు. గంజి నిలిచినతరువాత వచ్చిన వీరిని గంజికి వచ్చిరనుట యెట్లో మాకు బోధపడలేదు. వారిలో ఆశపడి వచ్చినవా రొక్కరును లేరని మే మనము. ఆశలేని భక్తి యే మతములోను అరుదే.

లోపములును కలవు. కులము గుడివాకిట చెప్పులతోపాటు విడువబడలేదు. ఒక మిషను మాలలదనియు వేరొకటి మాదిగలదనియు పేరు పడినది; బల్ల యొకటియైనను పొత్తు కుదురనిచోట్లు పెక్కు. 1912లో దోర్నకల్లు పీఠమెక్కిన అజరయ్యగారు, భారతీయులలో మొదటి ఆంగ్లికను బిషప్పు, ఈ భేదముతో చిరకాలము పెనగులాడిరి.

అన్నిటికంటె చిత్రమైన చిక్కు ప్రభుత్వమునుండి వచ్చినది. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ప్రకారము హిందువు కానివాడు షెడ్యూల్డు కులమువాడు కాడు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును సడలింపు దొరకినది, క్రైస్తవులకు దొరకలేదు. ఆంధ్రప్రదేశమున వారు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గము, నూటికి ఒక పాలు. ఈ విషయము పరిశీలించుటకు 2022లో కేంద్రప్రభుత్వము బాలకృష్ణన్ గారి యధ్యక్షతను సంఘము నొకదానిని నియమించినది. మామిడితోటలో కాయ కోయునప్పుడును, వాడ హద్దు గీయునప్పుడును ఊరు మాత్రము వానిని పాతకులముతోనే గుర్తించును.

కనుక ఒక్క పిల్లవానికి రెండు పేరులు. మందిరమున ఒకటి, ధ్రువపత్రమున వేరొకటి. దీనిని కపటమని నిందించువారు, రెండవపేరు అవసరమెవరు కల్పించిరో కూడ చెప్పవలెను. బడిలో చేర్చునప్పుడు పేరేమని మే మడుగగా, తండ్రి వెంటనే చెప్పడు. ఏ పేరు వ్రాయవలెనో యని ఒక్కక్షణ మాగును.