పావడా అడ్డొచ్చిందట!

బంతి విసరడం చేతిపని అనుకుంటాం గానీ, అది ఒళ్ళంతటి పని. టెన్‌పిన్ బౌలింగ్‌నే చూడండి. 60 అడుగుల అవతల పది కొయ్యలు. బంతి 16 పౌన్లదాకా ఉండొచ్చు. అంత బరువును విసిరితే భుజం ఊడొస్తుంది. అందుకని గడియారం లోలకంలా చేతిని ఒంటి పక్కనే ఊపి, మోకాలు వంచి, చీలమండ పక్కనుంచి నేలమీదకి జార్చేస్తారు. చెయ్యి ఒంటికి ఎడమైందా, బంతి దారి తప్పిందే.

క్రికెట్లో బౌలింగూ మొదట్లో ఇలాంటిదే. చెయ్యి కిందనుంచే రావాలి. ఇంగ్లండులో, కెంట్ సీమలో జాన్ విల్స్ అనే ఆయనకి ఇంటిదగ్గర బంతులు వేసిపెట్టేది ఆయన తోబుట్టువు క్రిస్టీనా. బుట్టపావడా చేతికి అడ్డొచ్చి, ఆవిడ చెయ్యి పక్కకి చాచి భుజమెత్తున వేసేదట. ఆయన అదే పట్టుకున్నాడు. 1822లో లార్డ్స్‌లో అలా వేస్తే అంపైరు నోబాల్ అన్నాడు. విల్స్‌గారు బంతి పారేసి, గుర్రమెక్కి వెళ్ళిపోయాడంటారు. 1835లో భుజం ఎత్తుదాకా సరేనన్నారు. 1864లో తలమీదనుంచి వేసినా సరేనన్నారు.

ఆ కాలానికి బుట్టపావడాల మోజే లేదు, ఇది కట్టుకథ అని చరిత్రకారుల అనుమానం. కావచ్చు. ఆడపిల్ల ఆటకి బట్ట అడ్డురావడం మాత్రం కట్టుకథ కాదు లెండి. గోలీలాటలో మోకాలు నేలకానించి, బొటనవేలు మట్టిలో గుచ్చి, నడిమివేలు వెనక్కి వంచి కొట్టాలి. నేను మోకాలు ఆనించేలోపే, "ఆడపిల్లవి, ఆ కూచునేదేందే!" అని మా అవ్వ కేక.

అనంతపురం జిల్లా నార్పల మండలంలో బండ్లపల్లి ఉంది. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని అక్కడే మొదలుపెట్టారు. కరువుకి చిరునామా వెతికితే దొరికిన ఊరన్నమాట! బారెడ్డి అనూష ఆ ఊరి పిల్లే. విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన ఆర్.డి.టి. వారి అకాడమీలో ఆట నేర్చింది. ఎడమచేతి స్పిన్నరు. 2023 జూలైలో మీర్పూర్‌లో బంగ్లాదేశ్ మీద భారత జట్టు తరఫున తొలిసారి ఆడింది.

ఎడమచేత్తో తిప్పేవాళ్ళు కుడికాలు ముందుకి నాటి, ఒళ్ళు పక్కకి తిప్పి, చెయ్యి చెవి పక్కగా తెచ్చి వదలాలి. పావడాతో అయ్యే పనేనా! మా అవ్వ ఇప్పుడుంటే ఆ ప్యాంటూ చొక్కా చూసి కేకలేసేదేమో అనుకున్నాను. కాదు. కూలికి పోయిన మనిషి. "ఆ పాపకి దినానికి ఎంతిస్తారే?" అనే ముందు అడిగేది.